చెయ్యెత్తితే తాడు

ఆ చట్టం కావాలని అడిగినవాళ్లలో నేనూ ఉన్నాను. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. మా రేవులో ఎవరినడిగినా చెబుతారు, వాళ్ల నోట వినేకన్నా నా నోట వినడం నయం.

ఆ ఏడాది ఫిబ్రవరిలో నా భర్త లేలండ్ రెండు పళ్లు పోగొట్టుకుని ఇంటికొచ్చాడు. బెల్ పాస్ ఓడరేవులో అతను తొమ్మిదేళ్లుగా కాపలాదారు. చేతిలో టార్చిలైటు, మెడలో ఈల, అంతకుమించి ఏమీ ఉండేవి కావు. పడవల ఇంజన్లు విప్పుకుపోయే ముఠా ఒకటి తెల్లవారుజామున గట్టు మీదికి వస్తే ఒక్కడే అడ్డుపడ్డాడు. వాళ్లు అతని టార్చిలైటు లాక్కుని దానితోనే అతని మూతి పగలగొట్టారు. మా జిల్లా పోలీసు పెద్ద షెరీఫుకి ఫోన్ చేస్తే మనుషులు రావడానికి యాభై నిమిషాలు పట్టింది. మిసిసిపీ నది సముద్రంలో కలిసే చోట, రోడ్డు అయిపోయిన తరవాత ఉంటాం మేము. ఎవరు రావాలన్నా అంతసేపు పడుతుంది. ఆ యాభై నిమిషాలూ లేలండ్ వలల గుట్ట వెనక పడుకుని తన నెత్తురు తనే మింగుతూ ఉన్నాడు.

నేను ఆ ఓడరేవు ఆఫీసులోనే టైపిస్టుని. మార్చిలో మా డైరెక్టరు హాస్కిన్స్ నా బల్ల మీద నాలుగు పేజీల కాగితం పెట్టాడు. రాజధానిలో శాసనసభ ముందుకు రాబోతున్న బిల్లు అది. రాష్ట్రంలోని స్థానిక ఓడరేవు సంస్థలు తమ సొంత పోలీసులను పెట్టుకోవచ్చని, ఆ పోలీసులకు తుపాకి పట్టే అధికారం, అరెస్టు చేసే అధికారం ఉంటాయని అందులో ఉంది.

"శాసనసభ కమిటీ ముందు మన రేవు తరఫున ఒకరు మాట్లాడాలి నోయెలీ," అన్నాడు. "నేను మాట్లాడితే జీతం తీసుకునేవాడు మాట్లాడినట్టుంటుంది. నువ్వు మాట్లాడితే ఇల్లాలు మాట్లాడినట్టుంటుంది."

"నేనూ ఇక్కడే జీతం తీసుకుంటున్నాను కదండీ."

"నీ సంగతి ఎవరూ అడగర్లే."

ఒప్పుకున్నాను. లేలండ్ కట్టుడు పళ్లు అప్పటికింకా కొత్తవి. పడుకునే ముందు తీసి గ్లాసులో వేసేవాడు. ఆ గ్లాసు కంటబడినప్పుడల్లా నేను దీపం ఆర్పేసేదాన్ని. మళ్లీ వాళ్లొస్తే అతని చేతిలో టార్చిలైటు కన్నా గట్టిది ఏదైనా ఉండాలని నేను మనస్ఫూర్తిగా కోరుకున్నాను.

ఇంట్లో ఈ సంగతి చెబితే మా నాన్న ఓవిడ్ కాఫీ కప్పు కింద పెట్టి, "ఎప్పుడు?" అన్నాడు.

"వచ్చే మంగళారం."

"అయితే నేనూ వస్తా."

"నాకు తోడెందుకు నాన్నా, వెళ్లగలను."

"నీకు తోడొస్తానని ఎవరన్నారే. నీకు ఎదురు మాట్లాడ్డానికి వస్తా."

ఒకే ట్రక్కులో వెళ్లాం. మూడు గంటల ప్రయాణం. నాన్నకు డెబ్బై ఒకటి. యాభై ఐదేళ్లు రొయ్యల పడవ ఇంజను పక్కన నిలబడి కుడి చెవి పూర్తిగా పోయింది, ఎడమది సగం పనిచేస్తుంది. మామూలుగా బండి నన్ను నడపమంటాడు, మా దేశంలో స్టీరింగు ఎడమవైపు కాబట్టి అప్పుడైతే మంచి చెవి నా వైపు ఉంటుంది. ఆ రోజు పట్టుబట్టి తనే నడిపాడు. దారంతా నేను చట్టం గురించి చెప్పిందంతా ఆయన చెవిటి వైపునే పోయింది.

కమిటీ గదిలో మాట్లాడేవాళ్ల ముందు చిన్న దీపం పెట్టారు. రెండు నిమిషాలు ఆకుపచ్చగా వెలిగి తరవాత ఎర్రగా మారుతుంది. ముందు నన్ను పిలిచారు. హాస్కిన్స్ రాసిచ్చిన కాగితం నేను విప్పలేదు. షెరీఫు మనుషులు గట్టు మీద ఏరి ఇచ్చిన లేలండ్ పళ్లు చేతిరుమాలులో చుట్టి తెచ్చాను. వాటిని బల్ల మీద పెట్టాను.

"ఇవి మా ఆయనవి," అన్నాను. "ఇంకో ముప్ఫై ఉన్నాయి. అవైనా ఉండనివ్వండి."

ఇంకా ఏదో మాట్లాడాను, గుర్తులేదు. ముందు వరసలో కూర్చున్న సెనేటర్లలో ఒకాయన కళ్లద్దాలు తీసి తుడుచుకోవడం గుర్తుంది.

తరవాత నాన్న లేచాడు. పెళ్లిళ్లకు వేసుకునే కోటు వేసుకొచ్చాడు, దానికి కలరా ఉండల వాసన.

"మా షెరీఫు మంచోడని నేననను," అన్నాడు. "కానీ నాలుగేళ్లకోసారి నా గుమ్మంలోకొచ్చి చెయ్యి పట్టుకుని ఊపుతాడు, ఓటెయ్యమని. నచ్చకపోతే దించేస్తాం. రేవు బోర్డోళ్లని గవర్నరు పెడతాడు. ఆళ్లు పోలీసుని పెడతారు. ఆ పోలీసు రేపు నా మెడ పట్టుకుంటే నేను ఎవరి గుమ్మంలోకి పోవాల? మా అల్లుడి పళ్లు ఊడగొట్టినోళ్లని పట్టుకోండి, నేనొద్దనను. పట్టుకోడానికి కొత్త షెరీఫు కావాలా, ఉన్న షెరీఫుకి ఇంకో కారు కావాలా?"

దీపం ఎర్రబడింది. ఆయన చూసుకోలేదు. అధ్యక్షురాలు తెల్లజుట్టు పెద్దావిడ. టైం అయిందని రెండుసార్లు చెప్పింది. ఆవిడ కూర్చుంది నాన్నకు కుడివైపు. చివరికి అరచెయ్యి ఎత్తి చూపించింది. నాన్న ఆగాడు. ఆవిడ చేతి వైపు చూసి, తన రెండు పక్కలా నేల మీద వెతుక్కుని, నవ్వేశాడు.

"అమ్మా, మా రేవులో అట్టా అరచెయ్యి చూపిస్తే తాడు ఇసరమని. ఇంజను మోతలో మాటలు ఇనపడవు కదా. ఆగమనాలంటే పిడికిలి చూపించాల. నాకాడ ఇప్పుడు తాడు లేదు."

గదంతా నవ్వింది. పెద్దావిడ కూడా నవ్వి పిడికిలి ఎత్తింది. నాన్న టోపీ తీసి దణ్ణం పెట్టినట్టు వంగి, కూర్చున్నాడు. అందరికీ నాన్న భలే నచ్చాడు. బిల్లు మాత్రం కమిటీలో తొమ్మిది ఓట్లతో నెగ్గింది, వ్యతిరేకంగా పడింది ఒక్కటే.

తిరిగొచ్చేటప్పుడు బండి నన్ను నడపమన్నాడు. సగం దారి దాటాం. తరవాత, "నువ్వు ఆ పళ్లు తీసి పెట్టాక ఇంకేముంది," అన్నాడు. "నాకు ఓటుంటే నేనే నీకు ఏసేవాణ్ణి."

మే నెలలో గవర్నరు సంతకం పెట్టాడు. మా రేవు బోర్డు మొదటి సమావేశంలోనే ఇద్దరు పోలీసులను పెట్టుకోవాలని తీర్మానం చేసింది. దాన్ని టైపు చేసింది కూడా నేనే. ఆ ఇద్దరిలో ఒకడు లేలండ్. పది వారాల శిక్షణకు పంపారు.

జులై చివర్లో తిరిగొచ్చాడు. నల్ల యూనిఫాం, ఛాతీ మీద బిళ్ల, నడుముకు తుపాకి. వీధిలో వాళ్లు వచ్చి చూసి వెళ్లారు. నాకు సంతోషమే వేసింది, అబద్ధమెందుకు. వారం తిరక్కుండా ఆ సంతోషం పలచబడింది. లేలండ్ భోజనాల బల్ల దగ్గర తన కుర్చీ మార్చుకున్నాడు, వెనక గోడ ఉండాలి, ఎదురుగా గుమ్మం కనబడాలి. కొట్లో పాల డబ్బా కోసం వెళ్లినా ముందు తలుపు దగ్గర ఆగి లోపలున్నవాళ్లందరినీ ఓసారి చూసేవాడు. అది కూడా మొహాలు కాదు.

"అలా కిందికి చూస్తావెందుకు?" అని అడిగాను.

"చేతులు చూడాలి నోయెలీ. నీ ప్రాణం తీసేది ఎదుటివాడి చెయ్యి. మొహం ఏం చెయ్యదు."

ఆ మాట అన్నప్పుడు నా చేతిలో బంగాళాదుంపలు తరిగే కత్తి ఉంది. దాన్ని గబుక్కున కింద పెట్టేశాను. ఎందుకు పెట్టానో నాకే తెలియలేదు.

ఆగస్టు మొదటి తేదీ నుంచి రేవు గేటుకు కొత్త నిబంధనలు అంటించారు. ఫొటో, వేలిముద్రలు ఉన్న కార్డు లేనిదే లోపలికి రాకూడదు. పక్కవారి పడవ ఎక్కకూడదు. తుఫాను హెచ్చరిక వస్తే అందరూ బయటికి పోవాలి. కాదంటే అరెస్టు. నాన్న కార్డు తీసుకోనన్నాడు.

"యాభై ఐదేళ్ల నించి రోజూ చూస్తా ఉంది ఈ రేవు నా మొహం. ఇప్పుడు ఫొటో తీసి చూపించాలా?"

గేటు దగ్గరికి వెళ్లడమే మానేశాడు. మా ఇంటి వెనక కాలవలో చిన్న పడవ ఉంది. అందులో రేవు వెనక వైపు నుంచి నీళ్ల మీదుగా వెళ్లి తన పడవ ఎక్కేవాడు. నీళ్లకు గేటు లేదుగా అనేవాడు. నేను ఒకరోజు చిన్న పడవ ఇంజను స్టార్టు చేసే లాగుడు తాడు విప్పి పిండి డబ్బాలో దాచాను. తెడ్లేసుకుని వెళ్లిపోయాడు. సాయంత్రం వచ్చి, "పిండి జాగర్త, తాళ్లు పడతన్నాయి," అని తాడు నా చేతికిచ్చాడు. ఇంకోసారైతే నవ్వేదాన్ని. అప్పుడు నాకున్నది ఒకటే భయం, ఏదో ఒకరోజు రేవులో వీళ్లిద్దరూ ఎదురుపడతారని. రోజూ పొద్దున్న ఒకరు ముందు గుమ్మంలోంచి, ఒకరు వెనక గుమ్మంలోంచి అదే రేవుకి వెళ్లేవారు.

మా ఇంట్లో ఒక అలవాటుంది. బల్ల దగ్గర బన్ను కావలసినవాళ్లు అరచెయ్యి ఎత్తుతారు, బుట్ట దగ్గరున్నవాళ్లు విసురుతారు. అమ్మ బతికున్నన్నాళ్లూ తిడుతూనే విసిరేది. పెళ్లికి ముందు లేలండ్ మొదటిసారి మా ఇంట్లో భోజనం చేసిన రోజు, నాన్న ఊరికే విసిరిన బన్నుని మాట్లాడుతూనే ఒంటిచేత్తో పట్టుకున్నాడు. ఆ పట్టు చూసే నాన్న పిల్లనిచ్చాడని మా చుట్టాల్లో ఇప్పటికీ అంటారు.

ఆగస్టు మధ్యలో ఒక ఆదివారం ముగ్గురం గంబో తింటున్నాం. బెండకాయ, రొయ్యలు వేసిన పులుసు, నాన్నకు ఇష్టమైనది. ఆ రోజైనా గొడవ లేకుండా గడుస్తుందని వండాను.

"మిస్టర్ ఓవిడ్," అన్నాడు లేలండ్. పెళ్లయి పన్నెండేళ్లయినా అలాగే పిలుస్తాడు, మా వైపు పెద్దవాళ్లను అలాగే పిలవాలి. "మీరు వెనకనించి వస్తున్నారని హాస్కిన్స్‌కి తెలిసింది. రెండో ఆఫీసరు మన ఊరివాడు కాదు. వాడి డ్యూటీలో దొరికితే సంకెళ్లు వేస్తాడు."

"నీ డ్యూటీలో దొరికితే?"

"నేనైనా వెయ్యాల్సిందే."

"మరి ఆడి పేరు చెప్పి బెదిరిస్తావేం. నీ పేరే చెప్పు."

"బెదిరించడం కాదండీ. చట్టం."

"చట్టానికి మా అమ్మాయి నీ పళ్లు చూపించింది. నీకు బుర్ర ఉందని కూడా చూపించుంటే బాగుండేది. నీకు తాడు ముడెయ్యడం ఎవడు నేర్పాడు? గట్టు మీద ఏ పలక ఊడిందో ఎవడు..."

"చాలు," అన్నాడు లేలండ్. అరచెయ్యి ఎత్తాడు.

నాన్న తిడుతూనే బుట్టలోంచి బన్ను తీసి విసిరాడు. చెయ్యెత్తితే విసరడం ఆయనకు ఊపిరి తీసుకున్నంత అలవాటు. లేలండ్ కుర్చీ వెనక్కి వెళ్లి గోడకు కొట్టుకుంది. అతని కుడిచెయ్యి నడుము దగ్గరికి పోయింది. ఆదివారం కాబట్టి అక్కడ తుపాకి లేదు. బన్ను ఛాతీకి తగిలి పులుసు గిన్నెలో పడింది.

నాన్న ఆ చెయ్యి ఎక్కడికి వెళ్లిందో చూశాడు.

"పట్టుకోలేదేంటి?" అన్నాడు.

"చూసుకోలేదు," అన్నాడు లేలండ్. గిన్నెలోంచి బన్ను తీసి, పులుసు పిండేసి తిన్నాడు. ఉమ్మడానికి సిగ్గుపడేవాడిలా తిన్నాడు.

గిన్నెలు కడుగుతూ అతనితో ఒక మాట అనాలనుకున్నాను. ఇక్కడ అరచెయ్యి అంటే ఆగమని కాదు, ఆ సంగతి మర్చిపోకు అని. ఈ గట్టు మీద పుట్టి పెరిగినవాడికి నేను చెప్పాలా అనిపించింది. చెబితే నొచ్చుకుంటాడనిపించింది. పది వారాల్లో మనిషి చెయ్యి భాష మర్చిపోతుందా అనుకున్నాను. నేను చెప్పలేదు. ఆ ఏడాది మొత్తంలో నేను చేసిన తప్పు ఏదంటే కమిటీ ముందు మాట్లాడటం కాదు, ఆ గిన్నెల దగ్గర మాట్లాడకపోవడం.

సెప్టెంబరు రెండో వారంలో తుఫాను వచ్చింది. పెద్దది కాదు, పేరు కూడా ఎవరికీ గుర్తుండని తుఫాను. మధ్యాహ్నానికి రేవు మూసేశారు. పడవల వాళ్లంతా తాళ్లు బిగించుకుని వెళ్లిపోయారు. ఒక్క పడవ దగ్గరే ఎవరూ లేరు. అది మా పక్కింటి క్లోవిస్ ముసలాయనది, మిస్ యూలా అని దాని పేరు. ఆయన తుంటి విరిగి ఆస్పత్రిలో ఉన్నాడు. మా రేవులో గాలి లేచిందంటే దగ్గరున్నవాడు ఎవరి పడవకైనా రెండో తాడు వెయ్యాలి. అడగక్కర్లేదు, చెప్పక్కర్లేదు. నిబంధనల కాగితం టైపు చేసిన రోజు నాకు ఈ సంగతి తట్టలేదు. తుఫాను రోజైనా తట్టి ఉంటే క్లోవిస్ పడవ గురించి నేనే ఎవరికైనా చెప్పేదాన్ని.

మూడు గంటలప్పుడు నేను ఆఫీసు పై అంతస్తులో ఫైళ్లు ప్లాస్టిక్ పెట్టెల్లో సర్దుతున్నాను. కిటికీలన్నిటికీ చెక్కలు కొట్టేశారు, గట్టు వైపుది ఒక్కటే మిగిలింది. బల్ల మీది వైర్‌లెస్‌లో హాస్కిన్స్ గొంతు వినిపించింది. గేటు గదిలో కూర్చుని కెమెరాలు చూస్తున్నాడు.

"లేలండ్, మిస్ యూలా మీద ఎవడో ఉన్నాడు. ఇంజన్ల వాళ్లు ఇలాంటి రోజే చూసుకుంటారు. చేతిలో ఏదో ఉంది."

కిటికీ దగ్గరికి వెళ్లాను. వాన అడ్డంగా కొడుతోంది. పసుపు రెయిన్‌కోటు, మొహం మీదికి లాగిన టోపీ, మోకాళ్ల దాకా బూట్లు. అలాంటి మనిషి మా ఊళ్లో ఇంటికొకడు ఉంటాడు. ఆ మనిషి తాడుని ఎడమ మోచేతి మీద పెద్ద చుట్లుగా వేసుకుంటున్నాడు, మూడు చుట్లకోసారి దులుపుతూ. అలా దులిపేది మా నాన్న ఒక్కడే.

వైర్‌లెస్ తీసి మీట నొక్కాను. హాస్కిన్స్ ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు, ఆయన మాట్లాడినంతసేపు నా మాట పోదు. కిటికీ మీద పిడికిళ్లతో కొట్టాను. లేలండ్ గట్టు మీద నడుస్తూ వెళుతున్నాడు, వాన అతని మొహానికి ఎదురుగా ఉంది. నాన్న తలెత్తలేదు. మంచి చెవి కూడా టోపీ కింద ఉంది. మెట్లు దిగి పరిగెత్తాలని తెలుసు, కిటికీ వదిలితే ఆ లోపల ఏదైనా అయిపోతుందని వదల్లేకపోయాను.

లేలండ్ పడవకు పది అడుగుల దూరంలో ఆగాడు. ఏదో అరిచాడు. ఎడమ చెయ్యి చాచి అరచెయ్యి ఎత్తాడు.

పడవ మీది మనిషి తలెత్తి చూశాడు. గట్టు మీద ఒకడు తాడు అడుగుతున్నాడు. ఇచ్చాడు.

తాడు చుట్టలు విప్పుకుంటూ గాలిలోకి లేచింది. లేలండ్ కుడిచెయ్యి నడుము దగ్గరికి వెళ్లి ముందుకు వచ్చింది. తాడు అతని భుజానికి తగిలి, గట్టు మీద పడి, నీళ్లలోకి జారిపోయింది. ఎత్తిన చెయ్యి దాన్ని పట్టుకోలేదు. రెండో చేతిలో తుపాకి ఉంది, నాన్న వైపు.

పేలలేదు. పది లెక్కపెట్టేంతసేపు ఇద్దరూ అలాగే నిలబడ్డారు. నాన్న నెమ్మదిగా టోపీ వెనక్కి తోశాడు. లేలండ్ చెయ్యి కిందికి దిగింది. అంతలో గాలి ఒక్క విసురు విసిరింది. వెనక తాడు లేని మిస్ యూలా గట్టు నుంచి విడివడి, మళ్లీ బలంగా వెనక్కి వచ్చింది. నిలదొక్కుకోవడానికి నాన్న గట్టు గుంజ మీద కుడిచెయ్యి వేశాడు. పడవ వచ్చి ఆ గుంజకే కొట్టుకుంది.

నేను కిందికి చేరేసరికి లేలండ్ పడవలోకి దూకి, నాన్నను ఒళ్లో పెట్టుకుని, తన మెడలోని టై విప్పి నలిగిన చేతి మణికట్టుకు బిగిస్తున్నాడు. వాన నీళ్లలో ఎరుపు కలిసి పడవ మూలకి పోతోంది.

"మీరని తెలీదు మిస్టర్ ఓవిడ్. వానలో మొహం కనపళ్లేదు. దేవుడి మీద ఒట్టు, మొహం కనపళ్లేదు."

నాన్న పెదాలు తెల్లబడిపోయాయి. అతని వైపు ఆశ్చర్యంగా చూస్తూ అన్నాడు, "మొహం దేనికిరా. చెయ్యెత్తావుగా."

కుడిచేతికి రెండు వేళ్లు పోయాయి. మూడోది ఉంది కానీ వంగదు.

మర్నాడు హాస్కిన్స్ నన్ను ఆఫీసుకి పిలిచాడు. లేలండ్ కూడా ఉన్నాడు, రాత్రంతా నిద్ర లేని మొహంతో. కొత్త చట్టం ప్రకారం ఆయుధం బయటికి తీసిన ప్రతిసారీ కారణం రాసి రాజధానికి పంపాలి. కారణం లేలండ్ చెప్పాలి, నేను టైపు చెయ్యాలి.

"గుర్తు తెలియని వ్యక్తి, ఆగమన్న ఆజ్ఞను లెక్కచేయక," అన్నాడు లేలండ్. గొంతు చదివినట్టుగా ఉంది. "ఆఫీసరు మీదికి ఒక వస్తువు విసిరాడు."

నా వేళ్లు ఆగిపోయాయి.

"తాడు," అన్నాను.

లేలండ్ కిటికీ వైపు చూశాడు. హాస్కిన్స్ మెత్తగా మాట్లాడాడు. "తాడని రాస్తే ఎందుకు తుపాకి తీశావని అడుగుతారమ్మా. ఉద్యోగం పోతుంది. బిళ్ల లేకుండా మళ్లీ గేటు దగ్గర టార్చిలైటు పట్టుకుని నిలబడాలి. ఆ ముఠా ఇంకా బయటే ఉంది. మీ నాన్న మీద కేసు నేను పెట్టను, కార్డు మాత్రం తీసుకోమను."

నాకు మంచం పక్క గ్లాసు కనబడింది. అందులో పళ్లు. నేను వస్తువు అని టైపు చేశాను. లేలండ్ సంతకం పెట్టాడు. బయటికి వచ్చాక ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

కట్టు విప్పిన వారానికి నాన్న తనంతట తనే ఆఫీసుకి వచ్చాడు. గేటు దగ్గర పేరు చెప్పి, కాగితం మీద రాసి, సందర్శకుడి చీటీ మెడలో వేసుకుని వచ్చాడు. నేను ఫొటో తీశాను. వేలిముద్రల కాగితం మీద పది గళ్లుంటాయి. ఆయన వేళ్లు ఒక్కొక్కటే సిరాలో అద్ది ఒత్తాను. ఖాళీగా మిగిలిన రెండు గళ్లలో లేదు, లేదు అని టైపు చేశాను. చేతులు తుడుచుకుంటూ అడిగాడు.

"నేనేం ఇసిరానని రాశావమ్మా?"

ఆయనకు ఎవరు చెప్పారో తెలియదు. మా రేవులో ఏదీ దాగదు.

"వస్తువు అని."

"వస్తువు," అన్నాడు. కార్డు తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి, "క్లోవిస్ పడవ బాగానే ఉందా?" అని అడిగాడు. బాగానే ఉందన్నాను.

అక్టోబరులో గాలి చల్లబడింది. కొత్త రొయ్యలు వచ్చాయని మళ్లీ గంబో వండాను. లేలండ్ అప్పుడే డ్యూటీ నుంచి వచ్చాడు, యూనిఫాం విప్పకుండానే కూర్చున్నాడు, గోడకు ఆనుకుని. రేవులో ఆ నెలంతా ఒక్క ఇంజను కూడా పోలేదని చెప్పాడు. మంచిదే అన్నాడు నాన్న. ఎడమ చేత్తో తినడం అలవాటు చేసుకుంటున్నాడు, చెంచాలోంచి పులుసు అప్పుడప్పుడూ ఒలుకుతుంది. బన్నుల బుట్ట ఆయన ముందుంది.

లేలండ్ పులుసు కలుపుకుంటూ, చూడకుండా, అలవాటు కొద్దీ అరచెయ్యి ఎత్తాడు.

నాన్న చెంచా కింద పెట్టాడు. ఆ అరచేతిని కాసేపు చూశాడు. కోపం లేదు ఆయన మొహంలో. కొత్త మనిషితో మాట్లాడేటప్పుడు ఉండే మర్యాద ఉంది.

"ఏం కావాలి లేలండ్?" అన్నాడు. "నోటితో చెప్పు."

లేలండ్ తలెత్తాడు. మొహం ఎర్రబడింది. "బన్ను," అన్నాడు.

నాన్న బుట్ట నా వైపు జరిపాడు. నేను ఒకటి తీసి లేలండ్ పళ్లెంలో పెట్టాను. ఎత్తిన చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు లేలండ్ దాన్ని ఇంకా గాలిలోనే ఉంచాడు. అది కిందికి దిగేదాకా నేను ఎవరి మొహమూ చూడలేదు. వాళ్లిద్దరి చేతులే చూస్తూ కూర్చున్నాను.